పలచటి బాడీ రేకుకి డ్రిల్ వేస్తే హోల్ గుండ్రంగా రావట్లేదు, మూడు మూలలుగా వస్తోంది. ఏం చెయ్యాలి?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం అండి. మాది రాజమండ్రి. ఇంట్లో మారుతి ఈకో ఉంది, సెలవులకి పిల్లల్ని తీసుకుని మారేడుమిల్లి, లంబసింగి వైపు వెళ్తుంటాం, అవసరమైతే రాత్రి బండిలోనే పడుకునేలా చిన్న చిన్న పనులు నేనే చేసుకుంటున్నాను. రేకుకి హోల్ వెయ్యాల్సిన చోట్లు ఇవీ: పైకప్పు మీద సోలార్ ప్యానెల్ వైరు లోపలికి దింపడానికి గ్లాండు (వైరు చుట్టూ బిగుసుకుని నీరు రానివ్వని బిగింపు, దాని మీద పీజీ9 అని సైజు ఉంది), వెనక డోర్‌లో రివర్స్ కెమెరా, డ్యాష్ కింద పెట్టే రేకు ప్లేటులో టోగుల్ స్విచ్‌లకి 12 ఎంఎం హోల్స్, ఇంకా పక్క ప్యానెల్‌లో గాలి బయటికి పంపే చిన్న ఫ్యానుకి దాదాపు 100 ఎంఎం హోల్.

బండి మీద చెయ్యి వేసే ముందు టింకరింగ్ షాపు నుంచి పాత డోర్ రేకు ముక్క ఒకటి తెచ్చుకుని దాని మీద చూస్తున్నాను. మామూలు 10 ఎంఎం హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు, హ్యాండ్ డ్రిల్లు, హ్యామర్ మోడ్ ఆఫ్‌లోనే ఉంది. బిట్టు ముందు పెయింటు మీద జారుతుంది, తర్వాత దొరికి కాసేపు బాగానే కోస్తుంది, సరిగ్గా అవతలికి దిగే టైముకి ఠక్కున పట్టేసుకుని రేకుని బిట్టు మీదకి లాగేసుకుంటుంది. తీసి చూస్తే హోల్ గుండ్రంగా లేదు, మూడు వైపులా మూలలు తేలి ఉంది, వెర్నియర్ పెట్టి కొలిస్తే ఒక వైపు 10 ఉంటే ఇంకో వైపు పదిన్నర పైనే చూపిస్తోంది, చుట్టూ రేకు లోపలికి గుంట పడింది, వెనక వైపు అంచంతా చేతికి గీరుకునే ముళ్ళు. కొత్త బిట్టు పెట్టి చూసినా ఇదే వరస. ఇనప పట్టీ మీద మాత్రం అదే బిట్టు అదే డ్రిల్లుతో చక్కగా వస్తోంది, కాబట్టి బిట్టుది కాదేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి. పైకప్పు మీద ఒకసారి పాడైతే మళ్ళీ లప్పం, పెయింటు అంటూ తిరగాలి, అందుకే ముందే అడుగుతున్నాను.

టింకరింగ్_బాబాయి

తమ్ముడూ, పాత రేకు మీద చూసుకుని దిగడం మంచి పని చేశావ్. బిట్టుది తప్పు కాదు, డ్రిల్లుది కాదు, నీ చెయ్యిది కూడా కాదు. ఆ బిట్టు మొన చేసిందే మందపాటి ఇనుము కోసం.

ఇలా చూడు. మామూలు బిట్టు మొన 118 డిగ్రీలు ఉంటుంది. 10 ఎంఎం బిట్టు తీసుకుంటే మొన కొస దగ్గర్నుంచి పూర్తి వెడల్పు వచ్చే భుజాల దాకా ఎత్తు 3 ఎంఎం. కారు బాడీ రేకు మందం ఎంత, 0.7 నుంచి 0.8, మహా అయితే 1. అంటే భుజాలు రేకుని ముట్టుకోకముందే మొన అవతలికి పోయి గాలిలో ఆడుతుంటుంది. మందపాటి పట్టీలో అయితే మొన అడుగున లోహంలోనే కూర్చుని బిట్టుని మధ్యలో నిలబెడుతుంది, భుజాలు గోడని పట్టుకుంటాయి. పలచటి రేకులో పట్టుకునే గోడ ఎక్కడుంది? రెండు అంచులూ వంతులవారీగా ఒకటి ఆనుకుంటే ఇంకోటి ఊగుతూ కోస్తాయి, రెండు అంచుల బిట్టు అలా ఊగితే మూడు మూలల హోల్ రావాల్సిందే. ఆఖర్లో లాగేసుకోవడం ఏంటంటే, మిగిలిన సన్నటి అంచు బిట్టు గాడిలోకి ఎక్కేస్తుంది, అప్పుడది మరలో స్క్రూ ఎక్కినట్టే, రేకు పైకి రావాల్సిందే.

దీనికి మా ఆటోనగర్‌లో ఇప్పుడు అందరూ వాడేది స్టెప్ బిట్టు. కోను మీద మెట్లు మెట్లుగా ఉంటుంది చూశావా, అదే. ఒక్కో మెట్టు గోడ నిటారుగా ఉంటుంది కాబట్టి రేకు ఆ గోడకి ఆనుకుని నిలబడుతుంది, ఊగదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి కోసేది చుట్టూ ఒక ఎంఎం మాత్రమే కాబట్టి పట్టేసుకోదు. నీకు కావాల్సింది 4 నుంచి 20 దాకా ఉన్నది, రెండేసి ఎంఎం మెట్లు. పీజీ9 గ్లాండు మర వెడల్పు 15.2, నువ్వు 16 మెట్టు దగ్గర ఆపితే సరిగ్గా దిగుతుంది, నట్టు, రబ్బరు వాషరు మిగతాది పట్టుకుంటాయి. స్విచ్‌కి 12 మెట్టు. కొనేటప్పుడు మెట్టు ఎత్తు రేకు మందం కన్నా ఎక్కువుందో లేదో చూసుకో, లేకపోతే ఒక సైజు పూర్తవకుండానే రెండో మెట్టు కొయ్యడం మొదలెడుతుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకో, స్టెప్ బిట్టుతో హోల్ చెడిపోయేది ఎక్కువగా ఒక మెట్టు ఎక్కువ దిగిపోవడం వల్లే. ఆగాల్సిన మెట్టు పైన మార్కర్‌తో గీత పెట్టు లేదా టేపు చుట్టు, ఆ మెట్టు దగ్గరకి వచ్చేసరికి స్పీడు తగ్గించి, నొక్కకుండా డ్రిల్లు బరువుతోనే దిగనివ్వు. దిగాక పై మెట్టు అంచుని అలా ముట్టించి తీసెయ్, పై వైపు ముళ్ళు అక్కడికక్కడే పోతాయి. అడుగు వైపు ముళ్ళు మాత్రం చేత్తో తియ్యాలి, నీ హోల్ కన్నా పెద్ద బిట్టు ఒకటి చేత్తో పట్టుకుని రెండు మూడు తిప్పులు తిప్పితే చాలు, లేదా గుండ్రటి ఆకురాయి.

స్టెప్ బిట్టు లేని రోజుల్లో మా మేస్త్రీలు గుడ్డ పెట్టి వేసేవాళ్ళు, ఇప్పటికీ పనికొస్తుంది. నూలు గుడ్డ నాలుగు మడతలు పెట్టి హోల్ మధ్య గుర్తు మీద పరిచి, గుడ్డ మీదుగా మామూలు బిట్టు దింపితే, గుడ్డ మెలిపడి బిట్టు అంచుల కింద ఇరుక్కుని బిట్టుని ఊగనివ్వదు, హోల్ గుండ్రంగా వస్తుంది. కానీ రేకు గట్టిగా బిగించి ఉండాలి, నీ చెయ్యి గుడ్డ దరిదాపుల్లో ఉండకూడదు, స్పీడు తక్కువుండాలి.

ఇంకో పద్ధతి, పాత బిట్టుని గ్రైండర్ మీద మొన చదునుగా సానపట్టి, మధ్యలో చిన్న ముల్లు, రెండు చివర్లా రెండు ముళ్ళు మిగల్చడం. చివరి ముళ్ళు ముందు చుట్టూ రింగు గీస్తాయి, మధ్యలో ముక్క బిళ్ళగా ఊడిపోతుంది. బ్రహ్మాండంగా వస్తుంది, అంచు చూడముచ్చటగా ఉంటుంది, కాకపోతే రెండు వైపులా సమానంగా సానపట్టడం చెయ్యి తిరిగినవాళ్ళ పని, కింద చెక్క ఆనించాలి. దొరికినన్ని స్టెప్ బిట్లు మార్కెట్లో ఉండగా నువ్వు దాని జోలికి పోవాల్సిన పని లేదు.

ప్యానెల్_బోర్డు_జీడిమెట్ల

బాబాయి చెప్పింది కరెక్టే గని స్విచ్ ప్లేటుకి ఇంకో మంచి సామాను ఉంది అన్నా. మేం కంట్రోల్ ప్యానెల్‌లు చేస్తం, పుష్ బటన్‌లకి 22.5 ఎంఎం హోల్స్ డోర్‌కి లైనుగ కొట్టాలె, అవి స్టెప్ బిట్టుతోని కాదు, ఛాసిస్ పంచ్‌తోని కొడతం. ఒక కప్పు, ఒక కటింగ్ పంచ్, మధ్యల బోల్టు. ముందు బోల్టు పట్టేంత హోల్ వేసి, రేకుకి ఇటు కప్పు అటు పంచ్ పెట్టి బోల్టు స్పానర్‌తోని బిగిస్తూ పోతే పంచ్ రేకుని కోసుకుంట కప్పులకి దిగుతది. సప్పుడు లేదు, వేడి లేదు, అన్నిటికన్న ముఖ్యం ఇనప పొట్టు రాలదు, బిళ్ళ ఒక్కటే చేతికి వస్తది. హోల్ ఎంత సైజుకి ఎంత వస్తది. బోల్టు మరకి గ్రీజు పెట్టాలె, లేకుంటే మర తొందరగ పోతది.

పైకప్పుకి కూడ ఇదే మేలు, ఎందుకంటే లోపలికి పొట్టు పడి లైనింగ్ మధ్యల ఇరుక్కుంటే తియ్యలేవు. కాకపోతే రేకుకి రెండు వైపుల చెయ్యి పోవాలె, నీ పైకప్పు లైనింగ్ దించితే పోతది. సికింద్రాబాద్ రాణీగంజ్‌ల సైజుల వారీగ దొరుకుతయ్, సెట్టు మొత్తం కొనాల్సిన పని లేదు, కావాల్సిన సైజు ఒక్కటి అడుగు.

సెంటర్ పంచ్ (హోల్ మధ్యల గుర్తు కొట్టే మొన కడ్డీ) గురించి ఎవ్వరు చెప్పలే. బాడీ రేకు మీద సుత్తితోని పంచ్ కొడితే చుట్టు గుంట పడతది, పెయింటు పగులుతది. స్ప్రింగ్ ఉన్న ఆటోమేటిక్ పంచ్ వాడు, తక్కువ సెట్టింగ్‌ల పెట్టి వెనక చెక్క ముక్క గాని డాలీ (చేతిల పట్టే ఇనప దిమ్మె) గాని ఆనించి ఒక్కసారి నొక్కితే చాలు. నేనైతే అది కూడ లేకుండ 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ 3 ఎంఎం బిట్టుతోని మొదలువెడత, ఆ మొన జారదు, పెట్టిన చోటే కోస్తది.

టింకరింగ్_బాబాయి

ప్యానెల్ తమ్ముడూ, ఛాసిస్ పంచ్ మాట ఒప్పుకుంటా, నీది సరైన మాట. పంచ్ గుర్తు లేకుండా మొదలెట్టమనడం మాత్రం నేను ఒప్పుకోను. మీరు ప్యానెల్ డోర్‌ని బల్ల మీద పడుకోబెట్టి పైనుంచి దిగుతారు, ఈ అబ్బాయి నిచ్చెన ఎక్కి పైకప్పు మీదకి వంగి, వెనక డోర్‌కి అడ్డంగా డ్రిల్లు పట్టుకుని వేస్తాడు. బిట్టు ఒక్క రవ్వ జారిందంటే మెరిసే పెయింటు మీద జానెడు గీత. ముందు మాస్కింగ్ టేపు రెండు పొరలు అడ్డంగా నిలువుగా అంటించి, దాని మీద కొలతలు గీసుకుని, చెక్క ఆనించి మెల్లగా పంచ్ గుర్తు పెట్టుకుని మొదలెట్టడమే సేఫ్. టేపు మీద పెన్సిలు గీత కూడా కనబడుతుంది, ఉత్త పెయింటు మీద కనబడదు.

గోదారి_గట్టు

బాబాయి గారూ, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. మొన ఎత్తు 3 ఎంఎం లెక్క చదివాక బిట్టు పక్కన పెట్టి కొలిచి చూశాను, నిజంగానే అంతే ఉంది, ఇప్పుడు విషయం అర్థమైంది. గుడ్డ పద్ధతి ఇప్పుడే పాత రేకు మీద చూశాను, అదే బిట్టుతో హోల్ గుండ్రంగా వచ్చింది, నమ్మలేకపోయాను. స్టెప్ బిట్టు తెప్పిస్తున్నాను.

ఇంకో మూడు డౌట్లు. డ్రిల్లు ఎంత స్పీడులో తిప్పాలి? నాది ట్రిగ్గర్ నొక్కే కొద్దీ స్పీడు పెరిగే రకం. 100 ఎంఎం హోల్‌కి హోల్ సా కట్టర్ (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) కొనాలా? తుప్పు సంగతి ఏంటి, మాకు వర్షాలు ఎక్కువ కదా.

కువైట్_డక్టింగ్

అన్నా నేను రాయచోటి వాడిని, కువైట్‌లో ఏసీ డక్టింగ్ పని, పొద్దున లేస్తే జీఐ (జింకు పూత) రేకుతోనే మా బతుకు. నీ పెద్ద హోల్ సంగతి నేను చెప్తా.

100 ఎంఎం హోల్ సా చేతి డ్రిల్లుకి పెట్టొద్దు. లెక్క చూడు, మైల్డ్ స్టీలుకి హెచ్ఎస్ఎస్ అంచు నిమిషానికి సుమారు 28 మీటర్లు నడవచ్చు అనుకుంటే 3 ఎంఎం బిట్టుకి 2900 ఆర్‌పీఎం దగ్గర, 10 ఎంఎంకి 900, స్టెప్ బిట్టు 20 మెట్టు దగ్గరకి వచ్చేసరికి 450. అదే 100 ఎంఎంకి 90 వస్తుంది, చేతి డ్రిల్లు అంత మెల్లగా బలంగా తిరగదు, పైగా పలచటి రేకులో హోల్ సా పన్ను ఒక్కటి తగులుకున్నా మణికట్టు మెలి తిరిగిపోతుంది. కెమెరాకి 20 చిల్లర హోల్ సా అయితే పర్లేదు, దాంట్లో కూడా రేకు కోసం వచ్చే కార్బైడ్ పళ్ళది, పొట్టిగా ఉండి పైన ఆపే అంచు ఉంటుందే, అది మంచిది, ఎక్కువ లోపలికి దిగదు.

నీకు చెప్పేది రేకు కత్తెర్లు. పచ్చ పిడిది కుడి వైపు తిరుగుతూ కోస్తుంది, ఎర్ర పిడిది ఎడమ వైపు, పసుపు పిడిది నేరుగా. గుండ్రం కొయ్యడానికి పసుపుది పనికిరాదు. గుండ్రం గీసుకుని, లోపల స్టెప్ బిట్టుతో 20 ఎంఎం హోల్ వేసి, అందులో కత్తెర ముక్కు దూర్చి సుడి తిరిగినట్టు గీత దగ్గరకి రా, కానీ మొదటి చుట్టులో గీత ముట్టుకోవద్దు, రెండు మూడు ఎంఎం వదిలెయ్, రెండో చుట్టులో ఆ సన్న పట్టీ తీసెయ్. సన్న పట్టీ అయితే మెత్తగా వంగి పక్కకి పోతుంది, కత్తెరకి అడ్డం రాదు, నీ వైపు రేకు వంగదు. కత్తెర నోరు చివరిదాకా మూయొద్దు, మూస్తే అక్కడ చిన్న గాటు పడుతుంది, సగం మూసి ముందుకి తోస్తూ పో.

జిగ్ సాతో కూడా వస్తుంది, అంగుళానికి 24 కాకుండా 32 పళ్ళ బ్లేడు పెట్టు, కింద చెక్క లేకపోతే రేకు గడగడలాడి అంచు వంకర పోతుంది, బండి ప్యానెల్ వెనక చెక్క పెట్టేది ఎట్లా, అందుకే నేను కత్తెరే అంటా. నిబ్లర్ అని డ్రిల్లుకి తగిలించేది వస్తుంది, అదీ బాగా కోస్తుంది, నెలవంక ఆకారంలో చిన్న చిన్న ముక్కలు రాల్చుకుంటూ పోతుంది, అవి మహా పదును, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట ఒక్కటి మిగలకుండా ఊడ్చుకో.

కొయ్యబోయే ముందు ప్యానెల్ వెనక ఏముందో చూడు. బాడీ రేకు వెనక అడ్డంగా నిలువుగా సపోర్టు పట్టీలు ఉంటాయి, పైకప్పు కింద కూడా అడ్డ దూలాలు ఉంటాయి, వేలితో కొడుతూ పోతే సపోర్టు దగ్గర శబ్దం మారుతుంది. వాటిని కొయ్యొద్దు, బండి బలమే అవి. రెండు సపోర్టుల మధ్య చదును చూసుకో.

ఇంకోటి. విడి ప్లేటుకి హోల్ వేసేటప్పుడు చేత్తో పట్టుకుని వేస్తారు చాలామంది. బిట్టు పట్టేసిందంటే ఆ ప్లేటు ఫ్యాను రెక్క మాదిరి తిరిగి వేళ్ళు కోసేస్తుంది. రెండు చోట్ల క్లాంపు పెట్టు, ఒక చోట పెడితే దాని చుట్టూ తిరుగుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. గుడ్డ గ్లవుజులు డ్రిల్లు తిరిగేటప్పుడు వద్దు, దారం బిట్టుకి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే టైము ఉండదు. కత్తెర పని అప్పుడు మాత్రం గ్లవుజులు వేసుకో.

సముద్రం_పక్కన_షెడ్డు

తుప్పు గురించి నేను రాస్తాను, వైజాగ్‌లో డెంటింగ్ పెయింటింగ్ చేస్తాం, ఉప్పు గాలికి రేకు ఎలా పోతుందో రోజూ చూస్తాం. హోల్ ఎంత నీట్‌గా వేసినా సరే, కోసిన అంచు దగ్గర పెయింటూ లేదు ప్రైమరూ లేదు, పచ్చి ఇనుము. ఫ్యాక్టరీలో రేకుకి జింకు పూత ఉన్నా కోసిన అంచుకి అది కొంచెమే అడ్డం పడుతుంది. మా షెడ్డుకి వచ్చే బండ్లలో యాంటెనా చుట్టూ, క్యారియర్ స్క్రూల చుట్టూ పెయింటు పొక్కులు లేచి ఉంటాయి, గీకితే కింద రేకు పొడి పొడిగా రాలుతుంది, కారణం ఎప్పుడూ ఒకటే, హోల్ వేసినవాళ్ళు అంచుకి ప్రైమర్ పెట్టకుండా స్క్రూ బిగించి పంపేశారు.

ముళ్ళన్నీ ఆకురాయితో తీసేసి, 400 నంబరు ఎమరీతో చుట్టూ కొద్దిగా గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ గానీ జింక్ ప్రైమర్ గానీ సన్న బ్రష్‌తో అంచుకి లోపలా బయటా పట్టించండి. ముళ్ళ మొన మీద పెయింటు నిలబడదు, పలచబడిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే, కాబట్టి ముళ్ళు తియ్యడం అందానికి కాదు. ఒక పూత ఆరాక రెండోది, ఆ పైన బండి రంగు టచప్. పూర్తిగా ఆరేదాకా గ్లాండు బిగించకండి, తడి మీద బిగిస్తే వాషరు కింద పెయింటు చెదిరిపోతుంది.

నీరు దిగకుండా పెట్టే సీలెంట్ పీయూ (పాలీయూరిథేన్) రకం తీసుకోండి. బాత్రూముల్లో వాడే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దే వద్దు, అది ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్ కిందున్న ఇనుముని తినడం మొదలుపెడుతుంది, పైన చూస్తే సిలికాన్ మెరుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఇనప పొట్టు. హోల్ కన్నా బండిని ఎక్కువ పాడు చేసేది ఇదే అని నా నమ్మకం. డ్రిల్లు వేసిన పొట్టు పైకప్పు మీద ఉండిపోయి రాత్రి మంచు పడిందా, తెల్లారేసరికి పెయింటు మీద నారింజ చుక్కలు. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఆ చుట్టుపక్కలంతా తిప్పండి, పొట్టు కవర్‌కి అంటుకుంటుంది, కవర్ తిరగేసి అయస్కాంతం బయటికి తీస్తే పొట్టు కవర్‌లోనే ఉండిపోతుంది. తర్వాత వాక్యూమ్, ఆఖర్న నీళ్ళు పోసి కడగండి. బిట్టు గాడికి కొద్దిగా గ్రీజు పూస్తే సగం పొట్టు దానికే అంటుకుంటుంది. లోపల వైపు హోల్ కింద పేపరు పొట్లం గానీ కవర్ గానీ టేపుతో అంటించి పెట్టుకోండి. డోర్‌లో పడిన పొట్టుని అలా వదిలేస్తే అది డోర్ అడుగున నీళ్ళు పోయే కన్నాల దగ్గర చేరి అక్కడ తుప్పు మొదలుపెడుతుంది.

నన్నడిగితే పైకప్పు హోల్ అవసరమా అని ఒకసారి ఆలోచించండి. సోలార్ వైరు సన్నదే అయితే వెనక డోర్ రబ్బరు పక్కనుంచి తేవచ్చేమో చూడండి, లేదా నేలకి ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన రబ్బరు బిరడాలు ఉంటాయి, ఒకటి తీసి అదే సైజు గ్రోమెట్ (మధ్యలో కన్నం ఉన్న రబ్బరు రింగు) వేసి దాంట్లోంచి తెచ్చుకోవచ్చు. తప్పదు అనుకుంటే నీళ్ళు నిలిచే పల్లంలో వెయ్యకండి, గట్టు మీద వెయ్యండి, వైరు గ్లాండులోకి వచ్చే ముందు కిందకి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా పెట్టండి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

బండి_కాగితాలు

పని గురించి అందరూ చెప్పారు, ఒక్క ముక్క కాగితాల గురించి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణలో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. కెమెరా, స్విచ్‌లు లాంటి చిన్నవాటి సంగతి వేరు, పక్క ప్యానెల్ కొయ్యడం, సీట్లు తీసి మంచం బిగించడం వేరు. ఫ్యాను హోల్ కొయ్యకముందే మీ ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పి పెట్టుకోండి. కోసిన రేకు మళ్ళీ అతకదు.

గోదారి_గట్టు

ఇది నాకు తెలియదు అండి, చెప్పి మంచి పని చేశారు. ఫ్యాను హోల్ ప్రస్తుతానికి పక్కన పెట్టేస్తున్నాను, కిటికీ అద్దం సందులో పెట్టేలా చెక్క ఫ్రేము చేసి దానికి ఫ్యాను బిగించొచ్చేమో చూస్తాను, అప్పుడు రేకు జోలికే పోనక్కర్లేదు. పైకప్పు విషయంలో కూడా వైజాగ్ అన్నగారు చెప్పినట్టు నేల బిరడా వైపు నుంచి తెచ్చే దారి చూస్తాను. అప్పుడు మిగిలింది కెమెరా, స్విచ్ ప్లేటు.

స్విచ్ ప్లేటు 1.2 ఎంఎం మైల్డ్ స్టీలు, షాపులో స్టెయిన్‌లెస్ కూడా దొరుకుతుంది అన్నారు. ఏది మంచిది? ప్లేటుని డ్యాష్ కింద రేకుకి బిగించడానికి వెనక నట్టు పట్టుకునే చోటు లేదు, రివ్‌నట్ (హోల్‌లో దూర్చి రివెట్‌లా బిగించే నట్టు) వేస్తే ఆగుతుందా?

టింకరింగ్_బాబాయి

స్టెయిన్‌లెస్ వద్దు తమ్ముడూ, నీకు అవసరం లేదు. అది బిట్టు రుద్దుకునే కొద్దీ గట్టిపడిపోతుంది, స్పీడు సగానికి తగ్గించి, ఆయిల్ వేసి, గట్టిగా నొక్కి ఆగకుండా కొయ్యాలి, ఒక్కసారి ఆగి వేడెక్కనిచ్చావంటే అక్కడ బిట్టు దిగదు, మొన నీలంగా మారి మెత్తబడుతుంది. మైల్డ్ స్టీలు తీసుకుని పెయింటు వేసుకో, లేదా అల్యూమినియం, దానికి కొద్దిగా కిరోసిన్ వేస్తే పొట్టు బిట్టుకి అతుక్కోకుండా పోతుంది.

డ్యాష్ కింద వేసేటప్పుడు బ్యాటరీ మైనస్ తీసెయ్. అవతల వైరింగ్ కట్ట ఎక్కడుందో చేత్తో తడిమి చూడు. బిట్టుకి పీవీసీ ట్యూబు ముక్క తొడిగి మొన దగ్గర 5 ఎంఎం మాత్రమే బయట ఉండేలా పెట్టుకో, అవతలికి ఠక్కున దిగినా ట్యూబు ఆపుతుంది.

ప్యానెల్_బోర్డు_జీడిమెట్ల

రివ్‌నట్ మంచిగ ఆగుతది అన్నా, మేం పలచటి రేకుకి అవే వేస్తం. కాని హోల్ సైజు ఒక్క రవ్వ పెద్దగైనా అది రేకుల తిరుగుతది, స్క్రూ బిగించేటప్పుడు బాగనే ఉన్నట్టు అనిపిస్తది, విప్పేటప్పుడు మొత్తం తిరుగుతది, ఇగ గ్రైండర్ పెట్టి కోసుడే. ఎం4 (4 ఎంఎం స్క్రూ పట్టేది) రివ్‌నట్‌కి 6 ఎంఎం హోల్, ఎం5కి 7, ఎం6కి 9. నీ ప్లేటుకి ఎం5 సరిపోతది, ఒంటికి గాళ్ళున్నయి చూసి తీసుకో, నున్నటివి వద్దు, ఆ గాళ్ళే రేకుని పట్టుకుంటయ్. హోల్ అంచుకి ముళ్ళు తీసి ప్రైమర్ పెట్టినంక వెయ్యి.

నువ్వు తెప్పించే 4 నుంచి 20 బిట్టుల రెండేసి ఎంఎం మెట్లే ఉంటయ్, దాంట్ల 7 ఉండదు, 9 ఉండదు. 4 నుంచి 12 దాకా ఉన్నది ఇంకోటి తీసుకో, దాంట్ల ఒక్కో ఎంఎం మెట్టు ఉంటది, 7 దగ్గర టేపు చుట్టి దింపు. ముందు పాత డోర్ రేకు మీద ఒక రివ్‌నట్ వేసి, స్క్రూ బిగించి విప్పి చూడు, తిరగకుంటే అప్పుడు బండి మీదకి పో.